తెర మీద సమావేశం: ఏ సాఫ్ట్‌వేరు మనకు తగినది?

ఉక్కు కర్మాగారమన్నది ఒక్క ఊరితో ముగిసే వ్యవస్థ కాదు. భిలాయి బ్లాస్ట్ ఫర్నేసులకు ఇనుప ఖనిజాన్ని బాలోద్ జిల్లాలోని దల్లీ-రాజహరా గనులు, సున్నపురాయిని నందినీ గనులు అందిస్తూ వచ్చాయి. సంస్థ ప్రధాన కార్యాలయం న్యూఢిల్లీలో, పరిశోధన కేంద్రం రాంచీలో ఉన్నాయి. సోదర కర్మాగారాలు రూర్కెలా, బొకారో, దుర్గాపూర్, బర్న్‌పూర్‌లలో ఉన్నాయి. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరిన నాటి నుంచి 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించే వరకు, నమూనాను ముందుంచుకొని ముఖాముఖి మాట్లాడుకోవాలంటే ఎవరో ఒకరు ప్రయాణం కట్టవలసిందే. నేడు ఆ ప్రయాణాలలో చాలా భాగాన్ని ఒక తెర తప్పిస్తున్నది. 2020 నాటి లాక్‌డౌన్ తరువాత ఈ తెర కార్యాలయాలకే గాక ఇళ్లకు కూడా చేరింది.

జూమ్, టీమ్స్, గూగుల్ మీట్, వెబెక్స్ వంటి సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు అనేకం ఉన్నాయి. వీటిలో ఏది మేలైనదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఈ శీర్షికన ఈసారి ఆ ప్రశ్ననే చేపడుతున్నాము. అయితే ఎన్ని ముఖాలు ఒకేసారి కనిపిస్తాయి, వెనుక ఎటువంటి దృశ్యం పెట్టుకోవచ్చు అన్నవి మా దృష్టిలో కొలమానాలు కావు. బలహీనమైన లైనుతో, యంత్రాల హోరు నడుమ చివరి కుర్చీలో కూర్చున్న వ్యక్తి మాట వినిపిస్తున్నదా అన్నది మొదటి కొలమానం. ఆ మాట వినకూడని వారి చెవిన పడకుండా ఉంటున్నదా అన్నది రెండవది.

పిట్స్‌బర్గ్ నేర్పిన పాఠం

ఈ సాధనం కార్యాలయపు బల్ల మీదికి వ్యాపార సేవగా వచ్చినది కూడా ఒక ఉక్కు నగరంలోనే కావడం విశేషం. అమెరికాలోని ఏటీ అండ్ టీ సంస్థ 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ‘పిక్చర్‌ఫోన్’ అనే పరికరాన్ని చూపింది. 1970లో పిట్స్‌బర్గ్‌లో దాని సేవ ఆరంభమైనప్పుడు ఎనిమిది సంస్థల వద్ద మొత్తం 38 పరికరాలు ఉండేవి. నెలకు 160 డాలర్ల అద్దె ఆ రోజులలో చిన్న మొత్తం కాదు. పైగా మనవద్ద పరికరం ఉన్నా, మాట్లాడవలసిన వారివద్ద లేకపోతే అది నిరుపయోగమే. కొన్ని సంవత్సరాలకే ఆ సేవ వాడుక తప్పింది. అవతలి వారికి అందుబాటులో లేని సాధనం ఎంత అద్భుతమైనదైనా నిలవదన్నది అది మిగిల్చిన పాఠం.

మన తెలుగునాట 1990 దశకం చివరలో నాటి ముఖ్యమంత్రి శ్రీ చంద్రబాబు నాయుడు హైదరాబాదు నుంచి 23 జిల్లాల కలెక్టర్లతో జరిపిన వీడియో కాన్ఫరెన్సులు పాఠకులలో పెద్దలకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో వాటికి ప్రత్యేకమైన గదులు, ప్రత్యేకమైన లైన్లు అవసరమయ్యేవి. నేడు జేబులోని సెల్‌ఫోను ఆ పని చేస్తున్నది. అయితే ఖర్చు తగ్గినంత మాత్రాన అందరి లైను సమానమైపోలేదు.

లైను బలం, మాట బలం

స్వరానికి మాత్రమే అయితే సెకనుకు 60 నుంచి 80 కిలోబిట్ల వేగం చాలునని జూమ్ సంస్థ చెబుతున్నది. 720 గీతల స్పష్టమైన చిత్రానికి 1.2 మెగాబిట్లు, అనగా అంతకు 15 నుంచి 20 రెట్లు కావాలి. ఆ వేగంతో గంటసేపు సమావేశం సాగితే ఒక్క దిశలోనే సుమారు 540 మెగాబైట్లు ఖర్చవుతాయి.

ఈ సాఫ్ట్‌వేర్లన్నింటి పనితీరు రమారమి ఒకటే. ప్రతి సభ్యుని చిత్రం, స్వరం మధ్యనున్న సర్వరుకు చేరతాయి. అది ఒక్కొక్కరి లైను బలాన్నిబట్టి తగిన స్థాయిలో చిత్రాన్ని పంపుతుంది. లైను బలహీనపడితే మొదట చిత్రం మసకబారుతుంది, తరువాత నిలిచిపోతుంది, చివరకు మాట తెగుతుంది. కనుక కెమెరా కట్టివేస్తే మాట నిలిచే అవకాశం ఎక్కువ. గనుల నుంచి పాల్గొనే వారిని ‘మీ ముఖం కనబడటం లేదు’ అని ఒత్తిడి చేయడం వారి మాటను మనమే తెంచుకోవడం వంటిది.

ఇందులో ఒక ప్రమాదం ఉన్నది. ఎదురుగా కూర్చున్న మనిషి మౌనంగా ఉంటే, అది అంగీకారమో అభ్యంతరమో ముఖం చెబుతుంది. తెర మీది మౌనానికి ఆ భాష లేదు. మైకు మూసి ఉండవచ్చు, లైను తెగి ఉండవచ్చు, అవకాశం చిక్కక ఊరుకొని ఉండవచ్చు. ‘ఎవరికీ అభ్యంతరం లేదు కదా’ అని ముగించిన సమావేశంలో, క్రేను తాడు గురించో గ్యాసు లైను గురించో షిఫ్టు ఇన్‌చార్జి చెప్పదలచిన హెచ్చరిక ఆ మౌనంలో కలిసిపోతే, దాని మూల్యాన్ని షాపులో పనిచేసే మనిషి చెల్లించవలసి వస్తుంది.

ఒక్కొక్కదాని గుణం

జూమ్ 2013లో సేవ ఆరంభించింది. లింకు నొక్కి చేరడంలోని సులువు దాని బలం. ఉచిత సేవలో సమావేశం 40 నిమిషాలకు పరిమితం. గూగుల్ మీట్‌కు కంప్యూటరులో విడిగా ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించనక్కరలేదు, బ్రౌజరు చాలు. ముగ్గురు లేక అంతకు మించి పాల్గొంటే ఉచిత సేవ 60 నిమిషాలు. 2017లో వచ్చిన మైక్రోసాఫ్ట్ టీమ్స్ సమావేశంతో పాటు పత్రాలను, చర్చను ఒకేచోట ఉంచుతుంది. దీర్ఘకాలం సాగే ప్రాజెక్టులకు అది అనుకూలం, అప్పుడప్పుడు వాడేవారికి కొంత బరువు. 2007లో సిస్కో కొనుగోలు చేసిన వెబెక్స్, సమావేశ మందిరాలలో అమర్చే కెమెరాలు, మైకులతో చక్కగా పొసగుతుంది.

స్వదేశీ ప్రయత్నాలు కూడా గణనీయమైనవే. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దేశీయ వీడియో కాన్ఫరెన్సు సాధనం కోసం పోటీ ప్రకటించగా, ఆ ఆగస్టులో కేరళలోని ఆలప్పుజకు చెందిన టెక్‌జెంట్సియా సంస్థ తన ‘వీకన్సోల్’తో విజేతగా నిలిచింది. ఆశాజనకమైనవిగా ఎంపికైన మరి మూడు సంస్థలలో హైదరాబాదుకు చెందిన పీపుల్‌లింక్ ఒకటి కావడం మనకు సంతోషదాయకం. చెన్నైకి చెందిన జోహో సంస్థకు కూడా సమావేశ సేవ ఉన్నది. ‘జిట్సీ’ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును సంస్థ తన సొంత సర్వరులోనే నెలకొల్పుకోవచ్చు. అయితే దానిని నిర్వహించే బాధ్యతకు కూడా సొంత మనుషులే కావాలి.

2003లో పుట్టి ఇంటింటి మాటగా మారిన స్కైప్, 2025 మే 5న మూతపడిన సంగతిని కూడా గమనించాలి. కనుక ఏ సాఫ్ట్‌వేరు వాడినా సమావేశపు నిర్ణయాలు మాత్రం సంస్థ ఫైళ్లలోనే భద్రంగా ఉండాలి.

తాళం ఎవరి చేతిలో?

2020 ఏప్రిల్ 16న కేంద్ర హోం మంత్రిత్వ శాఖ జూమ్ సురక్షితమైన వేదిక కాదని, ప్రభుత్వాధికారులు అధికారిక కార్యాలకు దానిని వాడరాదని సూచన జారీ చేసింది. అదే సంవత్సరం అక్టోబరులో ఆ సంస్థ, మాట్లాడుకునేవారు తప్ప మధ్యనున్న సర్వరు సైతం విప్పలేని సంకేత రక్షణను ప్రవేశపెట్టింది. ఐతే ఆ రక్షణను అమలుచేస్తే, మామూలు ఫోను ద్వారా సమావేశంలో చేరే వీలు ఉండదు. సంస్థ సర్వరులో సమావేశాన్ని రికార్డు చేసే వీలూ ఉండదు. నెట్టు అందని చోట ఫోనే ఆధారమైన సభ్యునికి ఆ తాళం తలుపు మూసివేస్తుంది. మేము మొదట చెప్పిన రెండు కొలమానాలు ఇక్కడ ఒకదానికొకటి అడ్డు తగులుతున్నాయి.

అందుచేత అన్ని సమావేశాలకూ ఒకే సాధనం అనుకోవడం కంటే, విషయాన్నిబట్టి నిర్ణయించడం ఉచితమని మా అభిప్రాయం. టెండర్లు, ధరలు, ఉద్యోగుల వ్యక్తిగత విషయాలు చర్చించేటప్పుడు సంస్థ ఆమోదించిన సాధనం, పటిష్ఠమైన రక్షణ తప్పనిసరి. దైనందిన ఉత్పత్తి, భద్రత, శిక్షణ వంటి వాటికి ఎక్కువమంది సులువుగా చేరగలిగే మార్గం కావాలి. ఎవరి స్వంత ఇష్టాన్నిబట్టి వారు ఉచిత సేవలను అధికారిక పనులకు వాడటం మాత్రం ఏ విధంగానూ తగదు.

చట్టం చూపిన మర్యాద

సాఫ్ట్‌వేరు ఏదైనా సభ నడిపే పద్ధతి ముఖ్యం. కంపెనీల చట్టం, 2013 లోని 173వ సెక్షను డైరెక్టర్లు వీడియో ద్వారా బోర్డు సమావేశంలో పాల్గొనడానికి వీలు కల్పించింది. 2014 నాటి నియమాల ప్రకారం సభ మొదట్లో ప్రతి డైరెక్టరూ తన పేరు, తానున్న స్థలం చెప్పాలి. ఎజెండా తనకు అందినదని, తనవద్ద మరెవరూ ఈ కార్యక్రమాన్ని వినడం లేదని తెలపాలి. మాట్లాడే ముందు తానెవరో చెప్పాలి. ఎవరి మాట అయినా తెగితే, దానిని మళ్లీ చెప్పవలసిందిగా కోరే బాధ్యత అధ్యక్షునిది లేదా కంపెనీ కార్యదర్శిది. చివరన నిర్ణయాలను, విభేదించిన వారి పేర్లను అధ్యక్షుడు ప్రకటించాలి.

డైరెక్టరు మాట తెగితే మళ్లీ అడగాలని చట్టమే చెబుతున్నది. దల్లీ-రాజహరా నుంచి మాట్లాడే ఫోర్‌మన్ మాట తెగినప్పుడు మనం అదే మర్యాద పాటించడానికి ప్రత్యేక చట్టం అవసరమా?

గృహస్థులకు ఒక మాట

తెర మీద కనబడినంత మాత్రాన మనిషి నిజమని నమ్మరాదు. 2024లో హాంకాంగ్ పోలీసులు వెల్లడించిన ఒక ఉదంతంలో, కృత్రిమంగా సృష్టించిన పై అధికారుల రూపాలను వీడియో సమావేశంలో చూసి నమ్మిన ఉద్యోగి 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశాడు. మన దేశంలో పోలీసు దుస్తులతో వీడియో కాలులో ప్రత్యక్షమై ‘డిజిటల్ అరెస్టు’ చేశామని బెదిరించే మోసగాళ్లకు విశ్రాంత ఉద్యోగులు సైతం బలి అవుతున్నారు. అటువంటి అరెస్టు మన చట్టంలో లేనేలేదు. వెంటనే కాలు కట్టివేసి 1930 నంబరుకు తెలియజేయాలి. సొమ్ము విషయం ఎవరు అడిగినా, మనకు ముందే తెలిసిన నంబరుకు మనమే ఫోను చేసి రూఢి చేసుకోవాలి.

ఏ సాఫ్ట్‌వేరు మేలని అడిగిన వారికి మా సమాధానం ఇది. సంస్థ అనుమతించినవాటిలో, మీ సమావేశంలో అందరికంటే బలహీనమైన లైను గల సభ్యుడు సులువుగా చేరగలిగినదే మేలు. సభ ముగించే ముందు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి అభిప్రాయం అడగండి. ఆ పిలుపును చివరి కుర్చీతో మొదలు పెట్టండి.