కాగితం తెరవండి! పేరు అడగొద్దు!

దస్తరం కరణం ఇంట్లో ఉన్నంతకాలం ఊరి భూమి ఎవరిదంటే కరణం చెప్పిందే చెల్లింది. కాగితం వాడి దగ్గర, కష్టం మన దగ్గర. 1984లో కరణాలు పోయారు. కాని కాగితం మన చేతికి రాకుండా అడ్డం నిలబడే బుద్ధి పోలేదు. ఆ బుద్ధి ఇప్పుడు సముద్రం దాటింది. అమెరికాలో కోర్టు దస్తరం తెరిచే ఉంటుంది. అయినా మనం చదవకముందే "అందులో ఏం లేదులే" అని చెప్పేవాళ్లు తయారయ్యారు.

సిస్కో కేసు సంగతే చూడండి. "కేసు కొట్టేశారు. అమెరికాలో కులం లేదని కోర్టే తేల్చేసింది" అని మనోళ్లకు కూడా నూరిపోస్తున్నారు. ఏ కోర్టు తేల్చింది? ఏ తేదీన తేల్చింది? అడిగితే జవాబుండదు. కాగితం ఏం చెబుతుందో మనమే చూద్దాం.

కాలిఫోర్నియా రాష్ట్రంలో శాంతాక్లారా అని ఒక కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. శాన్‌హోజే దాని ముఖ్యపట్నం. 2020 జనాభా లెక్కల్లో అక్కడ 19 లక్షల పైచిలుకు జనం. చాలా దేశాలవాళ్లు ఉన్నారు, అందరికంటే ఎక్కువ ఆసియావాళ్లే. కంప్యూటర్ కంపెనీల్లో పనిచేసే మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లతోపాటు కులమూ విమానం ఎక్కింది. దానికి వీసా అక్కర్లేదు గదా!

2020 జూన్ 30న కాలిఫోర్నియా ప్రభుత్వ పౌరహక్కుల శాఖే సిస్కో కంపెనీ మీద, ఇద్దరు ఇంజనీర్ల మీద దావా వేసింది. ఒక దళిత ఇంజనీరు కులాన్ని తోటి ఉద్యోగుల్లో బయటపెట్టారనీ, అతను ఫిర్యాదు చేస్తే కక్ష కట్టారనీ, కులవివక్ష చట్టవిరుద్ధం కాదని కంపెనీ సిబ్బంది విభాగం జవాబిచ్చిందనీ దావాలో రాశారు. ఇవి ఆరోపణలు. కంపెనీ వీటిని కాదన్నది. రుజువైపోయాయని మేమూ అనడం లేదు. రుజువు కాలేదు కాబట్టి అబద్ధమని తేలిపోయినట్టు డప్పు కొట్టేవాళ్లతోనే మా పేచీ.

మెలిక ఎక్కడుందో చూడండి. ఆ దావా మొదట శాన్‌హోజేలోని ఫెడరల్ కోర్టులో వేశారు. అంటే కేంద్ర ప్రభుత్వ కోర్టు. 2020 అక్టోబరులో అక్కడ వెనక్కి తీసుకుని, అదే ఊళ్లో ఉన్న కౌంటీ కోర్టులో మళ్లీ వేశారు. ఫెడరల్ కోర్టు దస్తరం ఒక్కటే చూసినవాడికి "కేసు వెనక్కి తీసుకున్నారు" అని కనపడుతుంది. అక్కడికే ఆగి ఊరంతా చాటింపు వేయొచ్చు. నాలుగడుగులు వేసి కౌంటీ కోర్టు దస్తరం చూస్తే కేసు అక్కడ కొనసాగినట్టు కనపడుతుంది. నెంబరు 20సివి372366. రాసి పెట్టుకోండి.

2023 ఏప్రిల్‌లో ఆ ఇద్దరు ఇంజనీర్ల మీద కేసును ప్రభుత్వ శాఖే ఉపసంహరించుకుంది. కంపెనీ మీద కేసును అప్పుడు ఉపసంహరించలేదు. కులం ఉందనీ లేదనీ కోర్టు ఆ రోజు తీర్పు ఇవ్వలేదు. ఉపసంహరణ వేరు, తీర్పు వేరు. ఈ తేడా మన కూలీ తల్లులకు కూడా తెలుసు. రాజీ కాగితం మీద వేలిముద్ర వేయించుకుని "తప్పు నీదేనని ఒప్పుకున్నావు" అన్న పెద్దమనుషుల్ని మనం చూడలేదా?

అదే 2023 అక్టోబరులో కులవివక్షను పేరుపెట్టి నిషేధించే బిల్లును కాలిఫోర్నియా గవర్నర్ ఆపేశాడు. ఉన్న చట్టాలే సరిపోతాయన్నాడు. సరే, ఉన్న చట్టాలే చాలంటే ఆ చట్టాల కింద నడిచిన కేసు కాగితాలే మనకు సాక్ష్యం. వాటిని మనం చదవకపోతే ఇంకెవరు చదువుతారు?

ఇక రెండో పేచీ. ఆ దళిత ఇంజనీరు అసలు పేరు దావాలో లేదు. మారుపేరుతో రాశారు. దానిమీద ఎంత ఎగతాళి! "నిజం చెప్పేవాడికి ముసుగెందుకు?" అంటున్నారు. 

అయ్యా, మీ ఇంటిపేరు చెబితే మీకు కుర్చీ వేస్తారు. మా ఇంటిపేరు చెబితే గ్లాసు మారుస్తారు. ముసుగెందుకో మీకెట్లా తెలుస్తుంది?

కోర్టు కాగితంలో పేరు ఎక్కితే అది ఒక్క రోజు ముచ్చట కాదు. రేపు ఉద్యోగం ఇచ్చేవాడు చూస్తాడు, ఇల్లు అద్దెకిచ్చేవాడు చూస్తాడు, పిల్లల పెళ్లికి వచ్చినవాడు చూస్తాడు. అక్కడితో అయిపోదు. కొడుకు శాన్‌హోజేలో కేసు వేస్తే తల్లీ తండ్రీ ఇక్కడ పల్లెలో ఉంటారు. అదే చెరువు నీళ్లు, అదే ఆసామి గట్టు మీద నడక. దెబ్బ ఎవరికి తగులుతుంది?

ఈ ప్రశ్న కాలిఫోర్నియా పైకోర్టు దాకా పోయింది. మారుపేరుకు కింది కోర్టు ఒప్పుకోలేదు. 2022 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును తప్పుబట్టింది. కోర్టు కాగితాలు చూసే హక్కు ప్రజలకు ఉందన్నది. దాంతోపాటే, పేరు బయటపడితే ఆ మనిషి కుటుంబానికి వచ్చే ముప్పునూ తూచాలన్నది, ఆ కుటుంబం ఇండియాలో ఉన్నా సరే. తూచి మళ్లీ తేల్చమని కింది కోర్టుకు చెప్పింది. మన వాడలో ఉన్న ముసలితల్లి ప్రాణం అమెరికా కోర్టు త్రాసులో పడింది. ఇది చిన్న సంగతా?

పేరు లేకపోతే ప్రజలకు పోయిందేమిటి? ఆరోపణ ఉంది, తేదీలు ఉన్నాయి, కంపెనీ జవాబు ఉంది, జడ్జీల ఉత్తర్వులు ఉన్నాయి. అన్నీ చదవొచ్చు. ఎదుటి పక్షానికి అతనెవరో తెలుసు. తన వాదన తాను చెప్పుకోవచ్చు. తెలియంది దారిన పోయేవాడికి మాత్రమే. వాడికెందుకు తెలియాలి?

ఇదేదో అమెరికా వింత అనుకోవద్దు. మన అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో 15-ఎ సెక్షన్ ఉంది. బాధితుడికి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని అందులోనే ఉంది. జనం చూసే కోర్టు కాగితాల్లో సాక్షుల పేర్లు, చిరునామాలు దాచేందుకు కోర్టు ఉత్తర్వు ఇవ్వొచ్చని కూడా అందులోనే ఉంది. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో ఇంటర్నెట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, సున్నితమైన కేసులు మినహాయించి.

మరి జరుగుతున్నదేమిటి? అంతా తలకిందులు. తెరవాల్సిన ఎఫ్ఐఆర్ కోసం స్టేషన్ చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి. దాచాల్సిన సాక్షి పేరు మాత్రం పొద్దుగూకే లోపల ఆసామి అరుగు మీదికి చేరుతుంది. కాగితానికి తాళం, మనిషికి బజారు!

చుండూరు మర్చిపోయారా? 1991 ఆగస్టు 6న మనోళ్లను నరికి గోతాల్లో కుక్కారు. కొట్లాడి కొట్లాడి ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టించుకున్నాం. విచారణ మన కళ్ల ముందు జరగాలన్నదే ఆ పట్టు. 2007లో అక్కడ శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మన సాక్షులు మాత్రం పేరూ ఊరూ అందరికీ తెలిసి, అక్కడే బతకాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నాం, విచారణ బహిరంగంగా జరగాలి, మనిషికి రక్షణా ఉండాలి. ఒకటిచ్చి రెండోది లాక్కుంటామంటే ఒప్పుకోం.

కార్యకర్తలకు నాలుగు మాటలు:

కేసు గురించి ఎవడేం చెప్పినా ముందు మూడు అడగండి. ఏ కోర్టు? ఏ నెంబరు? ఏ తేదీ ఉత్తర్వు? చెప్పలేనివాడి మాట కరణం మాటే.

మీ వాడలోంచి అమెరికా పోయిన పిల్లలుంటే పని చెప్పండి. కౌంటీ కోర్టు కేసుల్ని నెంబరుతో వెతకొచ్చు. ఫెడరల్ కోర్టు కాగితాలకు పేజర్ అనే ప్రభుత్వ ఏర్పాటు ఉంది. పేజీకి 10 సెంట్లు. మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే అదీ అడగరు. రెండు చోట్లా చూడమనండి.

ప్రభుత్వ ఆఫీసు కాగితాలకు మనకు 2005 సమాచార హక్కు చట్టం ఉన్నట్టే, కాలిఫోర్నియాకు 1968 నుంచీ ఒక చట్టం ఉంది. అక్కడ అడగడానికి ఆ దేశ పౌరుడు కానక్కర్లేదు.

దొరికిన కాగితాన్ని తెలుగు చేయండి. వాడలో కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించండి. ఆ ఇంజనీరు పేరు ఎవరికన్నా తెలిస్తే మాత్రం నోరు కుట్టేసుకోండి. గొప్పకు పోయి చెప్పిన ఒక్క మాట ఒక ఇంటిని కూల్చగలదు.

చదువుకోమన్న బాబాసాహెబ్ బడి పుస్తకాలు మాత్రమే చదవమనలేదు. మన తలరాత రాసే కాగితాల్ని మనమే చదవాలి!

కోర్టు కాగితం జనానిది!
బాధితుడి పేరు బాధితుడిది!
జై భీం!