పేరు గొప్ప... కారు ఏది?

లాడ్ బజార్‌లో గాజుల షాపు ముందు నిలబడి "2.6" అనండి చాలు. షాపతను ఇంకో ప్రశ్న అడగకుండా ఆ సైజు డబ్బా తీసి ముందు పెడతాడు. 2.6 అంటే రెండు అంగుళాలు, దాని మీద అంగుళంలో పదహారో వంతులు ఆరు. అంకెకి ఒక లెక్క ఉంది. ఇరానీ హోటల్లో "ఖడే చమ్మచ్ కీ చాయ్" అన్నా అంతే, చెంచా నిలబడేంత చక్కెర అని అర్థం. పేరు వింటే సరుకు కళ్ల ముందు కనిపిస్తుంది.

ఇప్పుడు కార్ల షోరూమ్‌కి వెళ్దాం. ఎక్స్‌యూవీ 700లో ఆ 700 ఏంటి? సీట్లు కాదు, సీసీ కాదు, మైలేజీ అసలే కాదు. దానికంటే ముందొచ్చిన దాన్ని ఐదు వందలు అని చదవకూడదట, "ఫైవ్ డబుల్ ఓ" అనాలట. ఎక్స్‌యూవీ 300 అయితే 2024లో పేరు మార్చుకుని 3ఎక్స్ఓ అయింది. కారు పేరా, లెక్కల పరీక్షా?

పేరు వింతగా ఉంటే నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ ఈ పేర్ల గోలలో మన జేబుకి చిల్లు పడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదకీ వస్తుంది. ఎలాగో చూడండి.

ఒకటే కారు, రెండు పేర్లు

మారుతి బలెనో 2019 నుంచి టొయోటా షోరూమ్‌లో గ్లాంజా పేరుతో దొరుకుతోంది. ఎర్టిగా అక్కడ రూమియన్. గ్రాండ్ విటారా అక్కడ అర్బన్ క్రూజర్ హైరైడర్. ఫ్రాంక్స్ అక్కడ అర్బన్ క్రూజర్ టైసర్. అంతకుముందు బ్రెజాని ఉత్త అర్బన్ క్రూజర్ అని అమ్మారు. అంటే ఆ ఒక్క ఇంటిపేరు కింద మూడు వేర్వేరు కార్లన్నమాట! అటు నుంచి ఇటు కూడా ఉందండోయ్. టొయోటా ఇన్నోవా హైక్రాస్ మారుతి గుమ్మం తొక్కి ఇన్విక్టో అయింది. పగటి వేషగాడిలాగా, వేషం మారుతుంది, లోపల మనిషి ఒక్కడే.

ఇందులో మోసమేమీ లేదు. సుజుకీ, టొయోటా బాహాటంగానే చేతులు కలిపాయి. కొత్త కారు మొదటి నుంచి తయారు చేయాలంటే బోలెడు ఖర్చు, బోలెడు టైమ్. ఉన్న కారుకే ముందు భాగం కాస్త మార్చి, లోగో మార్చి అమ్ముకోవడం తేలిక. మరి కొనేవాడి సంగతి? "బలెనోనా, గ్లాంజానా?" అని ఇంటిల్లిపాదీ వారం రోజులు తన్నుకుంటారు. నిజానికి అక్కడ పోల్చాల్సింది కార్లని కాదు. ఆన్‌రోడ్ ధర, వారంటీ, ఇంటికి ఏ సర్వీస్ సెంటర్ దగ్గర, ఏది ముందు చేతికొస్తుంది, ఈ నాలుగే.

అదీ తేలిగ్గా తేలదు. బలెనోలో వేరియంట్లు సిగ్మా, డెల్టా, జీటా, ఆల్ఫా. గ్లాంజాలో ఈ, ఎస్, జీ, వీ. గ్రీకు అక్షరాల్లో ఆల్ఫా మొట్టమొదటిది. ఇక్కడ మాత్రం అన్నిటికన్నా ఖరీదైనది. 2023లో టాటా నెక్సాన్‌కి పెట్టిన పేర్లయితే ఇంకా మజా. అన్నిటికన్నా కిందది స్మార్ట్, పైన ప్యూర్, ఆ పైన క్రియేటివ్, చివరికి ఫియర్‌లెస్. ఆ చివరిదాని ఈఎంఐ చూశాక నిజంగానే ధైర్యం కావాలి.

ఒకటే పేరు, రెండు కార్లు

ఇది ఇంకా ప్రమాదం. 2022లో మహీంద్రా స్కార్పియో ఎన్ తెచ్చింది. పాతదాన్ని ఆపిందా? లేదు, స్కార్పియో క్లాసిక్ అని పేరు తగిలించి పక్కనే నిలబెట్టింది. పేరు చూస్తే అన్నదమ్ములే, పుట్టుక మాత్రం వేరు. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఎయిర్‌బ్యాగ్‌లు లేని స్కార్పియోకి వచ్చింది సున్నా స్టార్లు. 2022లో స్కార్పియో ఎన్‌కి వచ్చినవి 5 స్టార్లు. ఈ 5 స్టార్ల వీడియో చూసి, సెకండ్‌హ్యాండ్‌లో ఆ పాతది కొన్నవాడి పరిస్థితి ఏంటి?

డిజైర్ కథా అంతే. 2024 నవంబర్‌లో వచ్చిన కొత్త డిజైర్‌కి పెద్దల రక్షణలో 5 స్టార్లు. దానికి ముందుదానికి 2. వెనకాల బ్యాడ్జ్ మీద మాత్రం రెండింటికీ అదే డిజైర్.

మన పాతబస్తీలో చాలా ఇళ్లకి మొదటి కారు షోరూమ్ నుంచి రాదు. ఒక చేయో రెండు చేతులో మారి వస్తుంది. కొనేముందు ఫోన్‌లో వీడియోలు చూస్తాం, అవన్నీ కొత్త మోడల్ గురించే. గల్లీలోకి వచ్చేది పాత మోడల్. వెనక సీట్లో కూర్చునేది అమ్మీ, అబ్బా, చెల్లి. పేరు కలిసింది కదా అని స్టార్లు కలవవు భాయ్.

ఇన్ని మోడళ్లు దేనికి?

సగం జవాబు పన్నులో ఉంది. 4 మీటర్లలోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకపోతే చిన్న కారు లెక్క. 2006 బడ్జెట్‌లో మొదలైంది ఈ రాయితీ. 2008లో టాటా వాళ్లు ఇండిగో డిక్కీని కురచ చేసి ఇండిగో సీఎస్ తెచ్చారు. అప్పటి నుంచి అందరిదీ అదే దారి. నెక్సాన్, బ్రెజా, వెన్యూ, సోనెట్, ఫ్రాంక్స్, కైలాక్ అన్నిటి పొడవూ 3,995 మిల్లీమీటర్లే! ఒకే టైలర్ దగ్గర కుట్టించుకున్నట్టు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకి జీఎస్టీ 18 శాతం, పెద్దవాటికి 40. తేడా ఇంత ఉన్నాక ఆ చిన్న డబ్బాలో ఇరుక్కోని కంపెనీ ఏది? కొలతలు ఒక్కటయ్యాక, తేడా చూపించడానికి మిగిలింది పేరే.

పేర్లకీ కరువొచ్చింది. టాటా వాళ్లు జీకా అని పెడితే, 2016లో అదే పేరుతో వైరస్ వార్తల్లోకెక్కింది. చేసేది లేక టియాగో అన్నారు. మహీంద్రా 2024లో బీఈ 6ఈ అంటే, 6ఈ మాది అని ఇండిగో విమానాల వాళ్లు ఢిల్లీ హైకోర్టుకెక్కారు. కారు బీఈ 6 అయింది. టాటా ఇండిగో కారు రోడ్డు మీద తిరుగుతుండగానే ఇండిగో విమానాలు ఎగిరాయన్నది వేరే ముచ్చట.

నవాబుల కాలంలో బాగుండేదా అంటే, అదీ లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ ముందు అందరూ సెల్ఫీలు దిగుతారు కదా, సిల్వర్ ఘోస్ట్ అని. ఆ రోజుల్లో ఆ మోడల్‌కి కంపెనీ పెట్టిన పేరు 40/50 హార్స్‌పవర్. సిల్వర్ ఘోస్ట్ అన్నది మొదట ఒకే ఒక్క కారు ముద్దుపేరు. జనం అన్నిటినీ అలాగే పిలుస్తుంటే, కంపెనీ ఆ పేరుని మోడల్ మొత్తానికీ ఖాయం చేసింది 1925లో. పేరు పెట్టడం కంపెనీ కన్నా జనానికే బాగా వచ్చు.

ఇప్పటికీ అంతే. మెకానిక్ షెడ్డులో విన్నారా? "ఇన్నోవా టైప్ 4", "సిటీ పాత షేప్" అంటారు. ఏ కంపెనీ బ్రోచర్‌లోనూ లేని పేర్లు. కానీ పుత్లీబౌలిలో స్పేర్ పార్ట్ అడగాలంటే ఆ పేర్లే పనికొస్తాయి. ఏ ఏడాది, ఏ రూపం, ఏ ఇంజిన్ అన్నీ అందులోనే ఉంటాయి.

కాబట్టి మీరూ షెడ్డు భాషలోనే బేరమాడండి. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం, మోడల్ పూర్తి పేరు చూడండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి సరిచూసుకోండి. స్టార్ల గురించి చెబితే, ఏ ఏడాది టెస్టు, ఎన్ని ఎయిర్‌బ్యాగ్‌ల బండి అని అడగండి. ఏ రెండు కార్ల మధ్యన్నా ఊగిసలాడుతుంటే, లోపల ఇంజిన్ ఒక్కటేనేమో ముందు చూసుకోండి.

ఇవేవీ అడగక్కర్లేని చోటు ఊళ్లో ఒక్కటే ఉంది, బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం. అక్కడ వంకాయ కారు నిజంగా వంకాయలాగే ఉంటుంది. బర్గర్ కారు బర్గరే. మిగతా అన్నిచోట్లా, ఎవరైనా "మంచి స్కార్పియో ఉంది, సింగిల్ ఓనర్" అంటే తొందరపడి అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు అడగాల్సిన మాట ఒక్కటే: "ఏ స్కార్పియో, భాయ్?"