వత్తు తప్పితే ఎవరికి చెప్పాలి?

విజయవాడలో శుభలేఖలు కూర్చే డీటీపీ ఆపరేటర్లు, ప్రశ్నపత్రాలు టైపు చేసే టీచర్లు తరచూ అనే మాటే ఇది: ‘కంప్యూటర్లో తెలుగు సరిగ్గా రావట్లేదు.’ ఆ బాధ నిజమైనదే. కానీ ఆ మాట ఆ గది దాటడం లేదు, సరిచేయగలవాళ్ల చెవిన పడడం లేదు.

మండలి ఫాంటునే తీసుకుందాం. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన విద్యాశాఖ మంత్రి, 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమను ఆదుకోవడానికి నడుం కట్టిన మండలి వెంకట కృష్ణారావు పేరు దానిది. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన ఈ ఫాంటుకు ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉంది. పైసా కట్టకుండా ఎవరైనా వాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు, పంచిపెట్టొచ్చు. గూగుల్ ఫాంట్స్‌లోనూ ఉంది కాబట్టి, లోపం కనబడితే డెవలపర్లు పనిచేసే గిట్‌హబ్ సైటులో గూగుల్ ఫాంట్స్ పేజీ తెరిచి ఎవరైనా రాయొచ్చు. ఇంత సొంతమైన సొత్తును మనమే పట్టించుకోకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు?

రాయడంలోనే ఉంది కిటుకంతా. బందరు కాలువ శివారు రైతు లస్కరు దగ్గరికెళ్లి ‘నీళ్లు రావట్లేదు’ అని ఊరుకోడు. ఏ తూము కింద, ఎన్నాళ్లుగా అందడం లేదో చెబుతాడు. లోపం గురించి రాసే బగ్ రిపోర్టూ అలాగే ఉండాలి. ‘స్త్రీ’ అని కొడితే క్రావడి పక్కకు జరిగిందనుకోండి. ఏ ఫాంటు, ఎన్నో వెర్షను, ఏ ప్రోగ్రాం, విండోసా లినక్సా అన్నది రాయాలి. ఏం టైపు చేస్తే ఏం వచ్చింది, నిజానికి ఏం రావాలి అన్నది చెప్పాలి. స్క్రీన్‌షాట్ పెట్టాలి, దాంతోపాటు ఆ మాటను టెక్స్టుగానూ అతికించాలి. బొమ్మలోంచి అక్షరాలను కాపీ చేసుకోలేరు కదా.

ఆ పైన ఇంకో చిన్న పరీక్ష చేయాలి. అదే మాట వేరే ఫాంటులో బాగా వస్తే తప్పు ఫాంటుదై ఉండొచ్చు. ఏ ఫాంటు పెట్టినా చెడితే అక్షరాలను పేర్చే ప్రోగ్రాం వైపు చూడాలి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్‌లలో ఆ పేర్చే పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. అక్కడ ఒక్క తెలుగు లోపం తీరితే ఇన్ని చోట్లా తీరినట్టే.

టెక్స్టు ఎందుకు పంపాలో 2018 ఫిబ్రవరిలో తేలిపోయింది. ‘తెలుగు అక్షరం ఐఫోన్‌ను కూల్చేస్తోంది’ అని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి, ‘జ్ఞా’ను చూపించాయి. నిజానికి మనం మామూలుగా రాసే ‘జ్ఞానం’తో ఏ ఫోనూ ఆగిపోలేదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం, చివర దీర్ఘం: ఈ వరుసే చిక్కు తెచ్చింది. ‘గిట్‌హబ్’లో పొల్లు నిలబెట్టడానికి మనం వాడేదీ ఆ కనబడని అక్షరాన్నే. ఫొటో ఎంత పెద్దది చేసి చూసినా అది దొరకదు. డెవలపర్లు వరుసను విడదీసి చూశాకే బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇదే ఇబ్బంది ఉందని బయటపడింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. ఆపిల్‌ది ఓపెన్ సోర్స్ కాదు, అయినా లోపాన్ని పట్టుకునే పద్ధతి ఎక్కడైనా ఒకటే.

రాసే ముందు అదే లోపాన్ని ఎవరైనా అప్పటికే రాశారేమో వెతకాలి. ఒక రిపోర్టులో ఒకే లోపం ఉండాలి. ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు, నాలుగు చిన్న వాక్యాలు చాలు. ముఖ్యంగా, అవతలివాళ్లు తిరిగి ప్రశ్న అడిగితే జవాబివ్వాలి. సమాధానం రాక మూలనపడే రిపోర్టులు ఎన్నో.

వత్తు ఎక్కడ కూర్చోవాలో ఏళ్ల తరబడి చూసిన కన్ను డీటీపీ ఆపరేటరుది. గిట్‌హబ్ వాడకం ఇంజినీరింగు విద్యార్థికి తెలుసు. విజయవాడలో ఈ ఇద్దరికీ కొదవ లేదు, కలిసి కూర్చోవడమే జరగడం లేదు. కాలేజీలు ఆ పని చేయించాలి. పక్కాగా రాసిన ఒక తెలుగు బగ్ రిపోర్టుకు ల్యాబ్ మార్కులు వేయాలి.