కనిపించింది సరే, రుజువేది?

తెలుగు కథలో దయ్యం పట్టేది ఆడపిల్లకు, దాన్ని వదిలించేది పెద్దవాళ్లు, ఎక్కువగా మగవాళ్లు. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రిక పాఠకులను వణికించిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’నే తీసుకోండి. కాష్మోరా అనే క్షుద్ర ప్రయోగం జరిగింది తులసి అనే చిన్నపిల్ల మీద. పరుగులు పెట్టేది తండ్రి, డాక్టర్లు, మంత్రగాళ్లు. పిల్ల మంచానికే పరిమితం. నలభై ఏళ్ల తర్వాత, 2022లో ‘మసూద’ సినిమా వచ్చింది. అందులోనూ అమ్మాయికి దయ్యం పడుతుంది, ఆరా తీసే పని తల్లిదీ పక్కింటి గోపీదీ. అంతకు ముందు చందమామ చదివిన తరానికీ కథ నడిపే ఆడపిల్ల అరుదే. దాసరి సుబ్రహ్మణ్యం ‘శిథిలాలయం’లో అడవులు పట్టి తిరిగింది శిఖిముఖి, విక్రమకేసరి.

ఇంగ్లీషులో టీనేజీ పిల్లల కోసం రాసేవాళ్లు ఈ లెక్క ఎప్పుడో మార్చేశారు. మెగ్ కాబట్ 2000లో మొదలుపెట్టిన ‘మీడియేటర్’ నవలల్లో పదహారేళ్ల సూజ్‌కు చచ్చినవాళ్లు కనిపిస్తారు. మాట వినకపోతే వాళ్లకు నాలుగు తగిలిస్తుంది కూడా. కెల్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘ది సమ్మనింగ్’ (2008)లో పదిహేనేళ్ల క్లోయికి బడిలో దయ్యం కనబడితే పెద్దలు దానికి స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టి, మానసిక సమస్యలున్న టీనేజీ పిల్లలుండే ఇంటికి ఆమెను పంపేస్తారు. ఈ అమ్మాయిలెవరూ మంచాన పడి ఉండరు. కథ నడిపేది వాళ్లే.

ఇలాంటి నవలలు మన పిల్లలకూ ఇద్దాం అంటే నిజామాబాద్ జిల్లా ఎడపల్లి, బోధన్ వైపు పెద్దలు నొసలు చిట్లించడం ఖాయం. ఇప్పటికే బాణామతి అనే చేతబడి భయం చాలదా, పిల్లల చేతికి ఈ పుస్తకాలు కూడానా అంటారు. ఆ భయం ఉత్తిది కాదు. బిడ్డకు జ్వరం తగ్గదు, గొడ్డు చస్తుంది, ఎవరో ఒక పేరు అంటారు. ఆ పేరు తరచూ ఒంటరి ముసలమ్మదో, నాటుమందు ఇచ్చే మనిషిదో అవుతుంది. కట్టేసి కొట్టడం, మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టడం తెలంగాణ పల్లెల్లో జరిగిన ఘోరాలే. జన విజ్ఞాన వేదిక వాళ్లు, పోలీసు కళాబృందాలు ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది అందుకే. మంజీర అవతలి మహారాష్ట్రలోనైతే 2013 ఆగస్టులో మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య జరిగాక గానీ మంత్రాల పేరుతో చేసే అఘాయిత్యాలపై చట్టం రాలేదు.

అయినా ఈ నవలలు మన పిల్లలు చదవాల్సినవే. బాణామతి పంచాయతీలో ఎవరికో తోచిందే తీర్పు. ఈ నవలల్లో అమ్మాయికి కనిపించింది అనుమానం దగ్గరే ఆగిపోతుంది. పదహారేళ్ల పిల్ల ‘నాకు కనిపించింది’ అంటే ఎస్సై నమ్మడు, హెడ్‌మాస్టర్ నమ్మడు, సొంత తల్లే నమ్మదు. ఇక ఆ పిల్ల తాళం ఎవరి దగ్గరుందో, ఆ రాత్రి ఎవరు ఎక్కడున్నారో తేల్చి, నమ్మనివాళ్ల ముందు రుజువు పెట్టాలి. కథలో చాలా భాగం ఈ పనే. ‘రుజువేది?’ అని అడగడం ఇంత సరదాగా నేర్పే కథలు మరెన్ని ఉన్నాయి?

రుజువు లేని చూపు ఎక్కడికి తీసుకెళ్తుందో ఈ రకం నవలలు రాసిన ఒక రచయిత్రి జీవితమే చెబుతుంది. లోయిస్ డంకన్ 1984లో ‘ది థర్డ్ ఐ’ రాసింది. తప్పిపోయిన పిల్లల జాడ కనిపెట్టే శక్తి ఉన్న హైస్కూలు అమ్మాయి కథ అది. ఐదేళ్ల తర్వాత ఆల్బుకర్కీలో ఆమె పద్దెనిమిదేళ్ల కూతురిని ఎవరో కాల్చి చంపారు. పోలీసుల దర్యాప్తు మీద నమ్మకం పోయి, దివ్యదృష్టి ఉందనే వాళ్లను ఆశ్రయించింది. 1992లో ఆ అన్వేషణనే పుస్తకం చేసింది. 2016లో ఆమె పోయే నాటికీ కేసు తేలలేదు. కడుపుకోతలో ఉన్న తల్లిని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ నవలలో హీరోయిన్‌కు దొరికిన దారి బయట ఆమెకు దొరకలేదు.

ఇలాంటి కథకు మన బోధన్ వైపు చోటు కరువా? బకాసురుణ్ణి భీముడు చంపిన ఏకచక్రపురం బోధనే అని స్థలపురాణం. అలీసాగర్ గుట్ట మీద నిజాం కాలపు బంగళా ఉంది. షక్కర్‌నగర్‌లో 2015 డిసెంబరులో మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ ఉంది. శివసత్తికి పూనకం వస్తే ఆమె నోటి మాటకు ఊరంతా చెవి ఒగ్గుతుంది. పూనకం దిగాక అదే ఆడమనిషి మాటకు ఇంట్లో విలువుండదు. ఈ ఒక్క విడ్డూరం మీదే ఒక నవల నడపొచ్చు.

మొదటి కేసు వెతుక్కోనక్కర్లేదు. ఆడపిల్లల హాస్టల్లో దయ్యం తిరుగుతోందని పుకారు లేవడం, పిల్లలు ఏడుస్తూ ఇళ్లకు పోవడం పేపర్లో తరచూ చూసే వార్తే. ఎడపల్లి చెరుకు తోటల మధ్య అలాంటి హాస్టల్ ఒకటి ఊహించుకుని, పదో తరగతి పిల్లకు నిజంగానే ఏదో కనబడిందని రాయాలి. వార్డెన్ తాయెత్తులు తెప్పిస్తుంది, పిల్లలు వంటమనిషిని అనుమానిస్తారు. ఆ పిల్ల మాత్రం హాజరు పట్టీ ఇమ్మని అడుగుతుంది.