గడులు లెక్కపెట్టారు సరే... రంగులు చూశారా?

ఒక చెస్ బోర్డు ఊహించుకోండి. మొత్తం 64 గడులు. పక్కపక్కనున్న రెండు గడుల్ని కప్పే అట్టముక్కలు 32 ఉంటే బోర్డంతా నిండిపోతుంది. ఇప్పుడు ఐమూలగా ఉన్న రెండు మూల గడుల్ని కత్తిరించేద్దాం. మిగిలినవి 62. మరి 31 ముక్కలతో వీటిని సరిగ్గా కప్పగలమా?

కిందికి చదవకండి. పెన్ను తీసి రెండు నిమిషాలు ప్రయత్నించండి.

ఫైనలియర్‌లో ఓ ఇంటర్వ్యూలో నన్నడిగిన ప్రశ్న ఇది. 62లో సగం 31. ‘ఎందుకు కుదరదు సార్!’ అనేశాను. ‘అయితే గీసి చూపించు’ అంటూ తెల్లకాగితం ఇచ్చారాయన. పది నిమిషాలు గీశాను, కొట్టేశాను, మళ్లీ గీశాను. ఎటు తిప్పినా రెండు గడులు మిగిలిపోతున్నాయి. అంతసేపూ నోరు విప్పలేదు. ఉద్యోగం రాలేదు.

హాస్టల్‌కి వచ్చి రూమ్మేట్ చెస్ బోర్డు ముందేసుకుని కూర్చుంటే అర్థమైంది. ఐమూలగా ఉన్న మూల గడులు రెండూ ఒకే రంగు. రెండు తెల్లవి తీసేస్తే 30 తెల్లవి, 32 నల్లవి మిగులుతాయి. ముక్కని ఎక్కడ పెట్టినా ఒక తెల్ల గడి, ఒక నల్ల గడి కప్పాల్సిందే. 31 ముక్కలకు 31 తెల్ల గడులు కావాలి. ఉన్నవి 30. అంతే, కుదరదు! నేను గీసింది గళ్లే గానీ రంగులు వేయలేదు. వేసుంటే, మిగిలిన రెండూ ప్రతిసారీ నల్లవేనని కనిపించేది.

1946లో మాక్స్ బ్లాక్ అనే తత్వవేత్త తన పుస్తకంలో ఇచ్చిన పజిల్ ఇది. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అనే పేరు పెట్టిన జాన్ మెకార్తీ 1964లో దీన్నే కంప్యూటర్లకు కొరకరాని కొయ్యగా చూపించారు. కత్తిరించని బోర్డునే 1,29,88,816 రకాలుగా నింపొచ్చు మరి. ఒక్కోటీ పెట్టి చూడటం ఎంత పనో ఆలోచించండి. రంగుల సంగతి గమనిస్తే రెండు వాక్యాల్లో తేలిపోతుంది.

అలాగని ‘టాప్ 100 పజిల్స్’ బట్టీ పట్టమని చెప్పను. ఇలాంటి చిక్కు ప్రశ్నలతో అభ్యర్థి సత్తా తెలియదని, అదంతా టైమ్ వేస్టని గూగుల్ హెచ్ఆర్ అధిపతిగా ఉండగా లాజ్లో బాక్ 2013లోనే చెప్పారు. జవాబు తట్టడం, తట్టకపోవడం వరకైతే నేనూ ఒప్పుకుంటా. కాబట్టి ఒక్క పజిల్ రాలేదని మీ మీద మీరే ‘రిజెక్టెడ్’ ముద్ర వేసుకోకండి. నేను నెల రోజులు వేసుకుని తిరిగాను. దండగ.

కానీ పజిల్ నేర్పే అలవాటు ఉద్యోగంలోనూ పనికొస్తుంది. లెక్క మొదలుపెట్టే ముందు ‘ఇందులో ఏది మారదు?’ అని అడగడం. 64 మందితో నాకౌట్ టోర్నీ. ఎన్ని మ్యాచ్‌లు? రౌండ్లవారీగా 32, 16, 8 అని కూడొచ్చు. లేదా ఒక్కో మ్యాచ్‌కి ఒకరు ఇంటికెళ్తారు, ఒక్కరే మిగలాలి, కాబట్టి 63 అనొచ్చు. కోడ్‌లో బగ్ దొరకనప్పుడు నేనిప్పుడు చేసేది ఇదే. లైన్లు మార్చడం ఆపి, ఎప్పుడూ మారకూడనిది ఎక్కడ మారిందో చూస్తాను.

రెండోది, ఆలోచన పైకి చెప్పండి. ‘సార్, ప్రతిసారీ రెండు మిగులుతున్నాయి, ఏదో కారణం ఉంది’ అని ఆ రోజు అనుంటే, బహుశా ఆయనే రంగుల వైపు చూపించేవారేమో. మౌనంగా కూర్చున్నవాడికి ఎవరైనా ఎలా సాయం చేస్తారు?

మీకో హోమ్‌వర్క్. ఈసారి ఒక తెల్ల గడి, ఒక నల్ల గడి తీసేయండి, ఎక్కడివైనా సరే. 31 ముక్కలతో ప్రతిసారీ కుదురుతుంది. ఎందుకు? బోర్డులోని గడులన్నింటినీ ఒక్కోసారే తాకుతూ మొదలైన చోటికే తిరిగొచ్చే దారి ఒకటి గీయండి. మిగతాది రంగులే చెప్తాయి.