గృహిణి పేజీ: ఏ కంపెనీ గ్యాసు మంచిది?



క్రొత్తగా కాపురం పెట్టినవారు, వేరుపడిన కుటుంబాలవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఇండేన్ తీసుకోవాలా, హెచ్.పి.నా, భారత్ గ్యాసా? మూడూ ప్రభుత్వరంగ కంపెనీలే. ఏ కంపెనీ ఇంటి బండ అయినా అందులో గ్యాసు 14.2 కిలోలే, ఒక ఊరిలో ధరా ఒకటే. గనుక కంపెనీ పేరును బట్టి కాదు, మీ ఊరికి బండ తెచ్చే ఏజెన్సీని బట్టి ఎంచుకోవాలి.

పలమనేరు, పుంగనూరు ప్రక్క పల్లెల్లో ఆటో తప్పక వారానికొకసారి వస్తే అదే గొప్ప. ఆ పూట మీరు చేనికి పోయి ఉంటే మళ్లీ వచ్చేదాకా కట్టెల పొయ్యే గతి. అందుచేత చేరకముందే ఇరుగుపొరుగు అక్కలను అడగండి. బుక్ చేసిన ఎన్నాళ్లకు వస్తుంది? రసీదు ఇస్తారా? గ్యాసు వాసన వస్తోందని చెబితే మనిషిని పంపుతారా?

ప్రైవేటు కంపెనీల సంగతి వేరు. ప్రభుత్వ కనెక్షనుకు ఏళ్లతరబడి కాచుకున్న రోజుల్లో, 1993లో, ప్రైవేటువారికి కూడా గ్యాసు అమ్ముకోవడానికి అనుమతి ఇచ్చారు. సబ్సిడీ లేదు గనుక ధర ఎక్కువ. కొన్ని కంపెనీలు డిపాజిట్లు కట్టించుకుని కనుమరుగయ్యాయి. ఇప్పటికైనా ప్రైవేటు బండ కొనేవారు ధర కంటే ముందు డిపాజిట్ రసీదు, కంపెనీకి ఉన్న రేటింగు పత్రం అడగడం మేలు.

ఇక తూకం. బండ తెచ్చే అబ్బాయి కాటా తేవాలి, అడగడానికి మొహమాటపడకండి. ఖాళీ బండ బరువు దానిమీదే వ్రాసి ఉంటుంది. అది 15.8 కిలోలైతే నిండు బండ 30 కిలోలు తూగాలి. పైన పట్టీమీద ఇంగ్లీషు అక్షరం, అంకె ఉంటాయి. ఏ అంటే మార్చి, బీ అంటే జూన్, సీ సెప్టెంబరు, డీ డిసెంబరు, అంకె సంవత్సరం. ఆ గడువు దాటిన బండను వెనక్కి పంపండి. రసీదులో ఉన్నదానికంటే ఎక్కువ అడిగితే, ఎందుకని అడగండి.

ఎంత చెప్పినా మారని ఏజెన్సీని మనమే మార్చుకోవచ్చు. ఈ సంగతి మన పల్లెల్లో చాలామందికి తెలియదు. 2013 అక్టోబరులో కొన్ని జిల్లాలలో మొదలై, 2014 జనవరిలో దేశంలో చాలా జిల్లాలకు వచ్చిన ఏర్పాటు ఇది. కంపెనీ వెబ్‌సైటులో కోరిక నమోదు చేయాలి. చదువుకున్న పిల్లలుంటే పది నిమిషాల పని. అదే కంపెనీలో వేరే ఏజెన్సీకైతే బండ, రెగ్యులేటరు ఇవ్వనక్కరలేదు. వేరే కంపెనీకైతే రెండూ అప్పగించి, తిరిగి వచ్చిన డిపాజిట్ సొమ్మునే క్రొత్త చోట కట్టాలి. పాత ఏజెన్సీవారు వచ్చి బ్రతిమాలవచ్చు. నచ్చితే ఉండండి, లేకుంటే లేదు.

పైపు గ్యాసులో మనకు ఈ వీలు లేదు. చిత్తూరు, కోలారు, వెల్లూరు జిల్లాలకు కలిపి 2018లో ఒక్క కంపెనీకే అనుమతి వచ్చింది. అమెరికాలో అట్లాంటాలో ఉంటున్న మన పిల్లలకైతే 1998 నుండి పైపు ఒకరిదే అయినా గ్యాసు అమ్మేవారిని ఎంచుకునే వీలుంది.

ఏ కంపెనీ బండ అయినా, గ్యాసు వాసన వస్తే రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరచి, స్విచ్చి ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. ఆ నంబరు మూడు కంపెనీలకూ ఒకటే.