గద్దె ఎవరిదైనా దాణా మనదే

మాహిష్మతి గద్దె బాహుబలికి దక్కాలా, భల్లాలదేవుడికి దక్కాలా అని వికారాబాద్‌లో ఏ బడిపిల్లను అడిగినా పూస గుచ్చినట్టు చెబుతుంది. శివగామి ఎవరిని రాజుగా ప్రకటించిందో, ఆ మాట ఎందుకు తప్పిందో, కట్టప్ప ఎవరి ఆజ్ఞ మీద కత్తి దూశాడో అన్నీ నోటికి వచ్చు. 2015లో బాహుబలి సినిమా మొదటి భాగం, 2017లో రెండోది వచ్చాక ఆ కథ తెలియని ఇల్లు తెలుగునాట లేదనే చెప్పాలి. అదే పిల్లను ‘మీ ఊరికి వికారాబాద్ అని పేరెట్ల వచ్చింది బిడ్డా?’ అని అడిగితే బిక్కమొహం వేస్తుంది. తప్పు ఆ బిడ్డది కాదు. లేని రాజ్యంలో జరిగిన వారసత్వ యుద్ధాన్ని గంటల కొద్దీ చూపించాం. నిజంగా జరిగిన వారసత్వ యుద్ధం గురించి, తన ఊరి జొన్నలూ కందులూ ఏ గుర్రాల కోసం, ఏ సిపాయిల కోసం పోయాయో, ఒక్క పీరియడ్ పాఠం కూడా చెప్పలేదు. ఆ పాఠం చెప్పి తీరాలి. వికారాబాద్, తాండూరు పల్లెల వైపు నుంచి చెప్పాలి.

1748 జూన్ 1న బుర్హాన్‌పూర్‌లో మొదటి అసఫ్ జా, నిజాం-ఉల్-ముల్క్ కన్నుమూశాడు. ఆయనకు ఆరుగురు కొడుకులు. పెద్దవాడు ఘాజీయుద్దీన్ ఢిల్లీ దర్బారులో ఉన్నాడు. రెండోవాడు నాసిర్ జంగ్ ఏడేళ్ల కిందటే తండ్రి మీద కత్తి ఎత్తి ఓడినవాడు. తండ్రి పోగానే గద్దెనూ ఖజానానూ అందుకున్నాడు. కూతురి కొడుకు ముజఫర్ జంగ్ ‘తాత నాకే ఇచ్చాడు’ అంటూ లేచాడు. మామా మేనల్లుళ్ల తగువు అక్కడితో ఆగి ఉంటే ఇంటి గొడవగానే తెల్లారేది. కానీ అప్పటికే పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్లు, మద్రాసు తీరంలో ఇంగ్లీషువాళ్లు కాచుకుని ఉన్నారు. అంతకు ముందు వాళ్లిద్దరూ ఈ గడ్డ మీద తుపాకులు పేల్చుకున్నది కూడా ఒక వారసత్వ తగువు కోసమే. 1740లో ఆస్ట్రియా గద్దె ఆడపిల్లకు దక్కుతుందా లేదా అని యూరప్ కొట్టుకుంటే, 1746లో మద్రాసు కోట చేతులు మారింది. ఎక్కడి వియన్నా, ఎక్కడి మద్రాసు!

ఫ్రెంచివాళ్లు మేనల్లుడి పక్షాన, ఇంగ్లీషువాళ్లు మామ పక్షాన నిలిచారు. 1750 డిసెంబరులో జింజీ దగ్గర నాసిర్ జంగ్‌ను, తన దండులో వచ్చిన పఠాన్ నవాబులే చంపారు. గద్దెనెక్కిన ముజఫర్ జంగ్ రెండు నెలలు నిండీ నిండకముందే, 1751 ఫిబ్రవరిలో, రాయచోటి ప్రాంతంలో అదే నవాబులతో జరిగిన పోరులో చచ్చిపోయాడు. పక్కనే ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ, ఖైదులో ఉన్న మూడో కొడుకు సలాబత్ జంగ్‌ను తెచ్చి కూర్చోబెట్టాడు. అది చూసి పెద్దవాడు ఘాజీయుద్దీన్ మరాఠాల అండతో దక్కనుకు దిగాడు. 1752లో ఔరంగాబాద్ చేరిన కొద్ది రోజులకే విషానికి బలయ్యాడని చరిత్రకారులు రాశారు. నాలుగేళ్లలో ముగ్గురు హక్కుదారులు పోయారు. చరిత్ర పుస్తకాలు ఇక్కడిదాకా చెప్పి, రెండో కర్ణాటక యుద్ధమని పేరు పెట్టి, పేజీ తిప్పేస్తాయి.

మా అభ్యంతరం సరిగ్గా ఆ పేజీ దగ్గరే. తిప్పకుండా కింద రాసిన ఖర్చు లెక్క చదవాలి. సలాబత్ జంగ్‌ను గద్దె మీద నిలబెట్టిన ఫ్రెంచి పటాలానికి జీతాలు కావాలి. ఖజానాలో లేవు. 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను జీతాల కింద రాసిచ్చారు. ఆ సర్కార్లలో పన్నుల వసూలుకు బుస్సీ వచ్చినందుకే 1757 జనవరి 24న బొబ్బిలి కోట కాలిపోయింది. తాండ్ర పాపారాయుడి వీరగాథ పాడుకుంటాం గానీ, దాని వేరు ఔరంగాబాద్ దర్బారులో ఒక గద్దె తగువులో ఉందని పిల్లలకు చెప్పం. తర్వాత ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లను తరిమి, 1766 ఒప్పందంతో ఆ సర్కార్లను తమ పేరు మీదికి మార్చుకున్నారు. తెలుగు మాట్లాడే వాళ్లు రెండు ప్రభుత్వాల కింద, రెండు బతుకులుగా చీలిపోవడం అక్కడ మొదలైంది. 1956 దాకా మళ్లీ కలవలేదు. మధ్యలో 1760లో సలాబత్ జంగ్ సేన ఉద్గీర్ దగ్గర ఓడి మరాఠాలకు ఇచ్చుకున్న 60 లక్షల రూపాయల ఆదాయపు భూములు వేరే లెక్క. ఇన్ని వదులుకున్నా ఆ గద్దె సలాబత్ జంగ్‌కు నిలవలేదు.

వికారాబాద్ జంక్షన్‌లో బీదర్ వైపు వెళ్లే బండి ఎక్కితే ఆ కథ చివరి మజిలీకి చేరతాం. 1762లో తమ్ముడు నిజాం అలీ, అన్న సలాబత్ జంగ్‌ను పట్టి బీదర్ కోటలో బంధించాడు. మరుసటి ఏడాది అన్న ఆ ఖైదులోనే ముగిసిపోయాడు. నిజాం అలీ రాజధానిని ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్‌కు మార్చి నలభై ఏళ్లు ఏలాడు. అన్నను దించి ఎక్కినవాడికి తనను దించేవాడి భయం ఉండదా? దివాన్‌కూ సేనానులకూ లొంగని, తన ఒక్కడికే జవాబు చెప్పే అశ్వబలం ఆయనకు కావాల్సి వచ్చింది. దాని బాధ్యత అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌ది. ఆ దండుకూ, దాన్ని పోషించడానికి ఇచ్చిన ఊళ్లకూ కలిపి వచ్చిన పేరే పైగా. మన తెలుగులో ‘అంతేకాక’ అని అర్థమిచ్చే పైగా వేరు, ఇది వేరు. ఈ పారసీ మాటకు హోదా అనీ, గుర్రపుశాల అనీ అర్థాలున్నాయి. రెండు అర్థాలూ ఇక్కడ సరిపోయాయి.

ఆ తేగ్ జంగ్ వంశంలోని వాడే వికార్-ఉల్-ఉమ్రా. ఫలక్‌నుమా కట్టించినవాడు, 1901 వరకు నిజాం రాజ్యానికి దివాన్. ఆయన పేరు మీదే వికారాబాద్. అంటే మన ఊరి పేరు వెనక ఒక నవాబు, ఆయన వెనక ఒక గుర్రపు దండు, దాని వెనక అన్నదమ్ముల కత్తిపోట్లు ఉన్నాయి. కట్టప్పను గద్దెకు కట్టేసింది ఎప్పటిదో తాతల మాట. పైగా దండును కట్టేసింది ఊళ్ల శిస్తు. సినిమాలో కట్టప్ప అన్నం ఎవరు పండించారని ఎవరూ అడగరు. ఇక్కడ అడగక తప్పదు, ఎందుకంటే పండించింది మన తాతలు.

హైదరాబాద్ రాజ్యంలో దాదాపు పదింట మూడొంతుల నేల జాగీర్ల కింద, మరో వంతు నిజాం సొంత ఖర్చుకు సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేది. పెద్ద జాగీర్లలో శిస్తు వసూలుతో పాటు కోర్టూ పోలీసూ కూడా జాగీర్దారువే. దున్నేవాడు ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరి మీద ఫిర్యాదో వారి దగ్గరికే పోవాలి. నేరుగా ప్రభుత్వం కిందున్న దివానీ ఊళ్లలో సర్వే అయి, శిస్తు ఎంతో ఒక కాగితం మీద ఉన్న రోజుల్లో కూడా చాలా జాగీరు ఊళ్లలో అడిగిందే శిస్తు, పిలిచిందే వెట్టి. 1874లో రైలు వచ్చింది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా తాండూరు, వికారాబాద్ మీదుగా పట్టాలు పడ్డాయి. నాపరాళ్లూ కందులూ బండెక్కి పోయే దారి దొరికింది, నిజమే. ఆ కందులు తూచిన రైతుకు ఇంటికి ఎంత మిగిలిందన్న లెక్కే మనకు కావాల్సింది. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్లకు ప్రభుత్వం పరిహారం కట్టించింది. నూరూ నూటయాభై ఏళ్లు దాణా పోసిన ఊళ్లకు ఏం కట్టించిందో ఎవరైనా చెప్పగలరా?

ఈ మాట అనగానే రెండు రకాల వాళ్లు లేస్తారు. ఒకరు ‘అయితే ఊరి పేరు మార్చేద్దాం’ అంటారు. మేం ఒప్పుకోం. వికారాబాద్ పేరు వికారాబాద్‌గానే ఉండాలి. పేరు చెరిపేస్తే లెక్క కూడా చెరిగిపోతుంది, బాకీ చీటీ చింపేసినట్టు. దీన్ని మతం తగువుగా మలిచేవాళ్ల మాట అసలే చెల్లదు. 1614లో విజయనగర రాజు రెండో వెంకటపతి రాయలు పోయాక జగ్గరాయుడు, కొత్త రాజు శ్రీరంగరాయల్ని కుటుంబంతో సహా నరికించాడు. మిగిలిన ఒక్క పిల్లవాణ్ణి వెలుగోటి యాచమ నాయుడు కాపాడి, కావేరి ఒడ్డున తోపూరు దాకా యుద్ధం నడిపించాడు. అక్కడ అన్ని పక్షాల వాళ్లూ ఒకే దేవుళ్లకు మొక్కినవాళ్లే. పల్నాటిలో అన్నదమ్ములు కొట్టుకుంటే కారెంపూడి నేల తడిసింది. తొక్కేవాడు ఏ గుడికి పోతాడో చూసి పంట బతకదు.

రెండో రకం వాళ్లు ‘అయిపోయినదాన్ని తవ్వడమెందుకు? ఆస్పత్రులు, కాలేజీలు, రైళ్లు వాళ్లే కదా ఇచ్చింది’ అంటారు. ఇచ్చిన మాట అబద్ధం కాదు, ఉస్మానియా ఆస్పత్రిలో ప్రాణం నిలిచిన కుటుంబాలు ఈ జిల్లాలోనూ ఉన్నాయి. అయితే అది ఎవరి సొమ్ముతో కట్టారో కూడా చెప్పాలి. ఇక తగువు అయిపోయిందని ఎవరన్నారు? 1948 సెప్టెంబర్ 20న హైదరాబాద్ ప్రభుత్వ ఖాతాలోంచి లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ పేరుకు మళ్లించిన పది లక్షల పౌండ్లు, డెబ్బై ఏళ్లలో మూడున్నర కోట్లయ్యాయి. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు భారత ప్రభుత్వానికీ చివరి నిజాం మనవళ్లకూ అనుకూలంగా తీర్పిచ్చింది. ఆ వెంటనే వందకు పైగా వారసులు మా వాటా ఏదని అదే కోర్టుకు వెళ్లారు. ఖాతా ప్రభుత్వానిది, ప్రభుత్వానికి ఆదాయం శిస్తు నుంచి. ఆ రోజుల్లో గుల్బర్గా జిల్లాలో ఉన్న తాండూరు రైతు కట్టిన శిస్తు కూడా అందులో ఉంది. వాటాదార్ల జాబితాలో ఆ రైతు ఊసే లేదు, ఆ మాటెత్తిన ప్రభుత్వమూ లేదు.

2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో, ఆ మనవళ్లలో ఒకరైన ముకర్రం జా మరణించారు. చనిపోయిన మనిషిని గౌరవంగా సాగనంపడం మన మర్యాద, దాన్ని తప్పుపట్టం. కానీ ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించి, పత్రికలూ టీవీలూ ‘ఎనిమిదో నిజాం’ అని రాసి, ఆ వెంటనే తొమ్మిదో నిజాం ఎవరన్న చర్చ నడిచింది. కుటుంబం ఆయన కొడుకు అజ్మత్ జాను ప్రకటిస్తే, వంశంలోని మరో వర్గం వేరొకరిని ముందుకు తెచ్చింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజుల గుర్తింపూ, భరణాలూ పోయాయి. ఎనిమిదో లేదు, తొమ్మిదో లేదు. ఇంట్లో వాళ్లు ఎవరినేమని పిలుచుకున్నా అది వాళ్ల ఇష్టం. ప్రభుత్వ ఉత్తర్వులో, ఆహ్వాన పత్రికలో, పాఠ్యపుస్తకంలో ఆ బిరుదు ఏలికగా కనబడటానికి మాత్రం వీల్లేదు.

ఇక చెయ్యాల్సిన పని. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు పారసీ, ఉర్దూ దస్తావేజులు గుట్టలుగా ఉన్నాయి. వికారాబాద్, తాండూరు ప్రాంతపు జాగీరు ఊళ్ల కాగితాలను ముందుగా తీసి, స్కాన్ చేసి, తెలుగులోకి మార్చాలి. ఇది పండితుల కాలక్షేపం అనుకునే అధికారులు ఒక్కసారి తహసీల్దార్ ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి చూడాలి. భూ రికార్డులకు ధరణి వచ్చింది, భూభారతి వచ్చింది. ఇప్పటికీ హద్దు తగువు ముదిరితే రైతు వెతికేది ఉర్దూలో ఉన్న పాత సేత్వార్ నకలూ, ఖాస్రా పహాణీనే. ఆ ఉర్దూ చదవగల ముసలాయన కోసం ఊరూరూ తిరిగి, చదివి పెట్టినందుకు డబ్బిచ్చి, ఆయన చెప్పిందే నమ్మి రావాలి. ఉర్దూ లిపి నేర్చిన పట్టభద్రులు ఈ జిల్లాలో కొదవ లేరు, తాండూరులో మరీ ఎక్కువ. వాళ్లకు ఉద్యోగమిచ్చి ఈ పని అప్పగించడానికి ప్రభుత్వానికి అడ్డేమిటో మాకు అర్థం కాదు.

జాగీర్లు రద్దయిన నాడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు ఎనభై ఐదు దాటారు. వెట్టికి పిలిచిన కేక విన్నవాళ్లు, గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన తండ్రిని చూసినవాళ్లు వాళ్లలో ఉన్నారు. పెద్దేముల్, యాలాల, బషీరాబాద్, ధారూర్, మర్పల్లి మండలాల్లో బడి పంతుళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ తాతల దగ్గరికి, అవ్వల దగ్గరికి ఈ ఏడే వెళ్లాలి. వచ్చే ఏటికి కొందరు ఉండరు.

2016 అక్టోబర్ 11న పుట్టిన వికారాబాద్ జిల్లాకు 2026లో పదేళ్లు నిండుతాయి. ఫ్లెక్సీలు కడతారు, సభలు పెడతారు. ఆ రోజుకల్లా జిల్లా గ్రంథాలయంలో ఒక బల్ల మీద తెలుగులో ఒక పుస్తకం ఉండాలని మేం అడుగుతున్నాం. ఏ ఊరు ఏ జాగీరు కిందికి పోయింది, ఎంత నేల, ఎంత శిస్తు, ఏ దండు ఖర్చుకు, 1949 నాటికి దాని మీద ఎవరి పేరుంది. మాహిష్మతి కథ నోటికి వచ్చిన ఆ పిల్ల, తన ఊరి పేరున్న పేజీ తెరిచి, లెక్క తనే చదువుకుంటుంది.